పడ్డ బండిని లేపేది నేను

స్కూటరుతో సహా నేను మూడోసారి బోదెలో పడిన రోజు సాయంత్రమే మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఇంటికి వచ్చి చెరువు లీజు మాట ఎత్తారు. నా మోచేతికి రాసిన పసుపు ఇంకా ఆరలేదు.

"ఆడమనిషివి, ఎన్నాళ్లు పడతావమ్మా ఈ బాధ? తమ్ముడికా నడుం పోయింది. చెరువు నాకు లీజుకిచ్చేసి సుఖంగా ఇంట్లో కూర్చోండి" అన్నారు.

ఆ చెరువు మా నాన్న పసుపుకుంకుమల కింద నా పేర రాసిన ఎకరంన్నర. భీమవరం దిగువన ఉంది. ఒకప్పుడు వరిచేను, ఇప్పుడు రొయ్యల చెరువు. మా ఆయన ఆయిలింజన్ల మెకానిక్కు. ఎవరిదో ఇంజను ఎత్తబోయి నడుం పూస జరిగాక, గతుకుల్లో బండి ఎక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అప్పటినుంచి చెరువు పని నాదే. రోజుకి నాలుగుసార్లు మేత చల్లాలి. చల్లిన రెండు గంటలకి నీళ్లలో దించిన మేత పళ్లెం పైకి లాగి, రొయ్య ఎంత తిన్నదో చూడాలి. తార్రోడ్డు దిగాక చెరువు దాకా ఒకటిన్నర మైలు మట్టిగట్టు, పక్కనే బోదె, అంటే పంటకాలువ. ఎండాకాలం ఆ గట్టు రాయిలా ఉంటుంది. నాలుగు చినుకులు పడ్డాయా, నల్లమన్ను చెప్పు కింద ఇంకో చెప్పులా అంటుకుంటుంది. స్కూటరు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోతుంది. చక్రం తిరగదు, జారుతుంది. ఆ తర్వాత నేను బోదెలో ఉంటాను.

మా ఊళ్లో ఒకసారి లీజుకి వెళ్లిన ఆడవాళ్ల చెరువు మళ్లీ వాళ్ల చేతికి రావడం నేను చూడలేదు. అందుకే మా ఆయన నోరు తెరిచేలోపలే నేను చెప్పాను:

"లీజు వద్దండి. బండి మారుస్తాను."

"ఏం బండమ్మా?"

"బురదలో వెళ్లేదేదో ఉంటుంది కదండీ, అది."

"ట్రాక్టరా?" అని బావగారు నవ్వారు. గుమ్మం దిగుతూ, "సరే, ఈ వానాకాలం చూద్దాం. గట్టు మీద నువ్వు నిలబడలేకపోతే మటుకు నా మాట వినాలి" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాను. మాట అయితే ఇచ్చేశాను. అప్పటికి నాకు గేరు బండి నడపడమే రాదు.

మా ఆయన రెండు రోజులు ఫోను వదల్లేదు. కొండల్లో, రాళ్లల్లో తిరిగే కొత్త బళ్లన్నీ చూశాడు. ఇంజను మాట వచ్చేసరికి ఆయన నడుం నొప్పి కూడా తగ్గినట్టుంది.

"ఇదే నీకు. నాలుగు వందల యాభై సీసీ. నీళ్లతో చల్లబడే ఇంజను."

"బరువెంతండీ?"

"ఇంజను గురించి చెబుతుంటే బరువంటావేంటే! రెండొందల కిలోల దాకా ఉంటుంది."

మా ఇంట్లో కిలోలు మేత బస్తాల్లోనే తేలతాయి. బస్తా ఇరవై అయిదు. "అంటే ఎనిమిది బస్తాలు. మరి ఆ చిన్నదో?"

"అది రెండొందల సీసీ. గాలితో, ఆయిలుతో చల్లబడేది. నూట అరవై లోపే."

"ఆరు బస్తాలు, పైన కాస్త. బోదెలో పడ్డప్పుడు ఆ ఎక్కువ బస్తాలు ఎవరెత్తుతారండీ? మీరా?"

ఆయనకి కోపం వచ్చింది. కోపంలో ఆయన బాగా చెబుతాడు. మొదటి గేరులో నెమ్మదిగా పోయే బండికి గాలి తగలదనీ, చిన్న ఇంజను ఎండలో ఉడికిపోతుందనీ, నీళ్ల ఇంజనుకి ఆ బెంగ లేదనీ అన్నాడు. నిజమే. కానీ నీళ్లంటే రేడియేటరు కావాలి, పంపు కావాలి, గొట్టాలు కావాలి. ఇంజను పెద్దదైతే దాన్ని మోసే చట్రం గట్టిగా ఉండాలి, చట్రం బరువెక్కితే స్ప్రింగులు లావెక్కాలి, ఇంత బరువు ఆగాలంటే బ్రేకులు పెద్దవి కావాలి. పేరంటానికి ఒకరిని పిలిస్తే వీధంతా పిలవాల్సి వచ్చినట్టు, ఒక బరువు ఇంకో బరువుని పిలుచుకొస్తుంది. ఇదంతా ఆయన నోటితో ఆయనే చెప్పాడు. నేను వింటూ కూర్చున్నాను.

"నాది ఒకటిన్నర మైలేగా. ఉడికితే చెరువు దగ్గర ఆరుతుంది" అన్నాను.

"చిన్నదానికి కింది నుంచి లాగే బలం తక్కువే!"

"దానికి మందు లేదా?"

మెకానిక్కుని మందు లేదా అని అడిగితే ఊరుకోలేడు. "చైను తిరిగే వెనక పళ్లచక్రం రెండు పళ్లు పెద్దది వేస్తే లాగుద్ది. కానీ తార్రోడ్డు మీద అరవై దాటితే ఏడుస్తుంది."

"ఏడవనివ్వండి. నేను మేతకి వెళ్తాను గాని పందేలకి వెళ్లను."

రాజమండ్రి షోరూముకి బావగారి కారులోనే వెళ్లాం. మా ఆయన నడుముకి బస్సు పడదు. వేడుక చూద్దామని బావగారికీ ఉంది. షోరూములో సేల్స్ అబ్బాయి పావుగంట సేపు మా ఆయనకే చెప్పాడు, బావగారికే చెప్పాడు.

"కొనేది ఆవిడండి" అన్నాడు మా ఆయన.

"అలాగాండి! మేడంగారికైతే స్కూటర్లు అటుపక్క ఉన్నాయండి."

"స్కూటరుతోనే పడి వచ్చాను బాబూ. ఈ రెండు బళ్లూ ఒకసారి కింద పడుకోబెట్టు" అన్నాను.

"పడుకోబెట్టడమేంటండి? కొత్త బళ్లండి!"

"మా గట్టు మీద అవే పడుకుంటాయి. ఇక్కడ లేపలేని దాన్ని అక్కడ లేపుతానా?"

"ఇంతవరకు ఎవరూ అడగలేదండి."

"వాళ్ల దారిలో బోదె లేదేమో."

అతను లోపలికి వెళ్లి మేనేజరుగారిని తీసుకొచ్చాడు. ఆయన నన్ను చూసి, నా మోచేతి కట్టు చూసి, నడిపి చూడ్డానికి ఉంచిన బళ్లు వెనక షెడ్డులో ఉన్నాయన్నారు. అట్టపెట్టెలు విప్పి పరిచారు. షెడ్డులో పని చేసేవాళ్లంతా పానాలు వదిలేసి చుట్టూ చేరారు.

ముందు పెద్దది. బండికి వీపు పెట్టి, సీటు అంచుకి నడుం ఆనించి, ఒక చేత్తో హేండిలు, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని వెనక్కి అడుగులు వేశాను. మోకాలెత్తు లేచి ఆగిపోయింది. పళ్లు బిగించాను. నెమ్మదిగా నన్నే కిందికి లాగేసింది. ట్యాంకూ, రేడియేటరూ అన్నీ పైన, ముందు ఉన్నాయి. నిండు బిందె నడుం మీద పెట్టుకుంటే మైలు నడుస్తాం. అదే బిందె చేతులు చాచి పట్టుకుంటే పది అడుగులు వేయలేం. బరువు ఎంత అన్నది సగం, ఎక్కడుంది అన్నది సగం.

"చూశావా అమ్మా" అన్నారు బావగారు.

"చూశానండి. ఇది నాది కాదు. రెండోది పడుకోబెట్టండి."

రెండోది మొదటిసారి జారింది. రెండోసారి పాదాలు దగ్గరగా పెట్టి, చేతులతో కాక తొడలతో నెట్టాను. లేచి నిలబడింది. షెడ్డులో ఎవరో "ఆయ్!" అని కేక వేశారు. మా ఆయన మొహం తిప్పుకుని ముక్కు తుడుచుకున్నాడు.

"సిమెంటు నేల మీద లేపావు. గట్టు సిమెంటు కాదుగా" అన్నారు బావగారు. ఆ మాటా నిజమే. అయినా ఆ చిన్నదానికే డబ్బు కట్టాను.

రొయ్యల పట్టుబడి అయిపోయి ఎండగట్టిన చెరువులోనే గేరు బండి నేర్చుకున్నాను. నలభై ఆరేళ్ల మనిషిని నైటీ మీద చొక్కా తొడుక్కుని చెరువులో చుట్లు తిరుగుతుంటే, గట్టు మీద వెళ్లేవాళ్లు ఆగి మరీ చూశారు. చూడనీ. ఇంట్లో మా ఆయన దానికి పెద్ద పళ్లచక్రం వేశాడు. లెగ్ గార్డులు, ఇనప స్టాండు కూడా తగిలిద్దామన్నాడు. ప్రతి సామానూ మేత తూచే కాటా మీద పెట్టించాను. ఇంజను కింది రేకూ, బస్తా కట్టే క్యారియరూ ఉంచాను. మిగతావి కాటా మీంచి నేరుగా అటక మీదికి పోయాయి.

వాన శ్రావణమాసంలో పట్టింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున రెండో మేతకి బస్తాతో వెళ్తుంటే, గట్టు మలుపులో వెనక చక్రం పక్కకి వెళ్లిపోయింది. నేను గట్టు మీదే కూలబడ్డాను. బండి కుడివైపుకి ఒరిగి, తల బోదె వైపు, చక్రాలు గట్టు వైపు పైకి పెట్టి పడింది. తలకిందులుగా ఉన్నదాన్ని వీపుతో లేపడం ఎవరి వల్లా కాదు. చూద్దును కదా, గొడుగు పట్టుకుని బావగారు వస్తున్నారు. ఆయన చెరువు కూడా అటే.

"దెబ్బ తగిలిందామ్మా? ఉండు, మనుషుల్ని పిలుస్తాను."

"వద్దండి."

"ఇంకా పంతమేంటమ్మా! ఇంజను కూడా ఆగిపోయింది, చూడు."

"మీరు అక్కడే నిలబడండి బావగారూ. చెయ్యి వేశారంటే ఊరుకోను."

అంత మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. గొడుగు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

తాళం కట్టేశాను. బస్తా విప్పి పక్కన పెట్టాను. ముందు చక్రం పట్టుకుని లాగాను. నన్ను పడేసిన బురదే బండిని జారనిచ్చింది. ఇంజను కింది రేకు మీద బొంగరంలా కొంచెం కొంచెంగా తిరిగింది. ముందు లాగి, వెనక లాగి, మళ్లీ ముందు లాగి, చక్రాలు బోదె వైపుకి, సీటు గట్టు వైపుకి తెచ్చాను. ఎనిమిది బస్తాల బండి అయితే తిరిగేది కాదు. గేరులో వేసి, ఎడమ స్టాండు ముందే తీసి పెట్టి, వీపు ఆనించాను. మొదటిసారి నా కాళ్లే జారాయి. చెప్పులు విడిచి మడమలు మన్నులోకి దిగేసి మళ్లీ నెట్టాను. లేచి స్టాండు మీద కూర్చుంది.

పడితే ఇంజను ఆపేసే మీట ఒకటి లోపల ఉంటుందనీ, తాళం తీసి పెడితే మళ్లీ మామూలు అవుతుందనీ మా ఆయన చెప్పి ఉంచాడు. గేరు తీసి, తాళం తిప్పి, బటను నొక్కాను. అందుకుంది. బస్తా కట్టుకున్నాను.

"నడుం పోద్దమ్మా నీకూ" అన్నారు బావగారు. కోపంగా కాదు.

"పోతే పోద్దండి. చెరువు మటుకు లీజుకి లేదు. ఈ వానకీ లేదు, వచ్చే వానకీ లేదు. మళ్లీ అడక్కండి."

ఆయన గట్టు అంచుకి జరిగి దారి ఇచ్చారు. చెరువు చేరేసరికి మేత వేళ దాటి పావుగంట అయింది. ఆ తర్వాత ఆ వానాకాలంలోనే ఇంకో నాలుగుసార్లు పడ్డాను. ఆ పంట పట్టుబడికి కొనేవాళ్లు వచ్చి "ఈ చెరువు ఆసామీ ఎవరండి?" అని అడిగితే, బావగారు తమ చెరువు గట్టు మీంచే చెయ్యెత్తి నన్ను చూపించారు.