జవాబు దిగేటప్పుడు

మా ఆసుపత్రి లిఫ్ట్ బాబాయ్‌కి ఒకే ఒక్క జబ్బు. ఎవరు లిఫ్ట్ ఎక్కినా ఒక ప్రశ్న అడుగుతాడు, జవాబు మాత్రం చెప్పడు. "దిగేటప్పుడు చెప్తా" అంటాడు. ఇరవై మంది డాక్టర్లున్న ఆసుపత్రిలో ఈ ఒక్క జబ్బుకి మందు దొరకలేదు. ఆయనకీ ఒక పేరు ఉండే ఉంటుంది, హాజరు పట్టీలో వెతికితే దొరుకుతుంది కూడా. కానీ ఊడ్చే ఆవిడ నుంచి సూపరింటెండెంట్ దాకా అందరికీ ఆయన "దిగేటప్పుడు బాబాయ్".

లిఫ్టూ ఆయనకు తగ్గదే. లాగి మూసే ఇనప జాలీ తలుపు, మూలన స్టూలు, స్టూలు మీద అట్టలు ఊడిపోయిన లావుపాటి విజ్ఞాన సర్వస్వం, దాని మీద బాబాయ్. కింది నుంచి నాలుగో అంతస్తుకి సరిగ్గా నలభై రెండు సెకన్లు. జాలీ మూసీ మూయకముందే మొదలెడతాడు.

"రికార్డుల బాబూ, ఆక్టోపస్‌కి గుండెలెన్ని?"

"ఒకటి."

"కాదు."

"పోనీ, రెండు."

"కాదు."

"మరెన్ని?"

"దిగేటప్పుడు చెప్తా."

రికార్డుల బాబు అంటే నేనే. కింది అంతస్తులో రోగుల ఫైళ్ళు ఉండే గది నాది. రోజుకి నాలుగైదు సార్లు ఆ ఫైళ్ళు పట్టుకుని నాలుగో అంతస్తులో ఉన్న ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళాలి. నాకు పంతం కాస్త ఎక్కువ. ఒక లిఫ్ట్ మనిషి నన్ను నలభై రెండు సెకన్లు ఊరించడమేమిటని ఆ మొదటి రోజే మెట్లు దిగి వచ్చేశాను. పన్నెండేళ్ళు అలాగే దిగాను. లిఫ్ట్‌లో ఎక్కడం, మెట్ల మీద దిగడం. జవాబు లేని ప్రశ్నలు నా బుర్రలో గుట్టలుగా పేరుకుపోయాయి.

నేను చేసిన పొరపాటల్లా ఆ ప్రశ్నలు ఇంట్లో చెప్పడం. మా ఆవిడకి ఏదైనా సగం వింటే అన్నం సహించదు.

"ఎన్నిట?" అంది గరిట పట్టుకుని.

"తెలీదు. మెట్లు దిగి వచ్చాను."

"నలభై రెండు సెకన్లు ఆగలేకపోయారా?"

"ఆక్టోపస్‌కి ఎన్నుంటే మనకేం?"

"దానికి ఎన్నున్నాయో గాని, మీకున్నది ఒకటే. అదీ రాయి."

ఇంకోరోజు "నత్తకి పళ్ళుంటాయా?" అన్న ప్రశ్న ఇంటికి మోసుకెళ్ళాను. ఆ ఆదివారం మా ఆవిడ భూతద్దం పట్టుకుని పెరటి గోడ ముందు గంటసేపు వంగి కూర్చుంది. నత్త నోరు తెరవలేదు. మా ఆవిడ నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

పెద్ద పెద్దవాళ్ళే ఆయన చేతికి చిక్కారు. మా పెద్ద సర్జన్ గారిని బాబాయ్ "కత్తి డాక్టరు గారూ" అని పిలుస్తాడు. ఒకరోజు ఆయన్ని అడిగాడు: "నీళ్ళలో నానితే వేళ్ళు ముడతలు పడతాయి కదండీ. నరం తెగిన వేలు కూడా పడుతుందా?" రోజుకి పదిసార్లు చేతులు కడుక్కునే మనిషి. నాలుగో అంతస్తులో ఐదు నిమిషాలు తన వేళ్ళు తనే చూసుకున్నాడట. చివరికి "టీ తాగొస్తా" అని చెప్పి కిందికి దిగాడు. పైన టీ ఫ్లాస్కు నిండుగా ఉంది.

"పడదండీ. ముడతలు వేయమని చెప్పేది నరమే" అన్నాడు బాబాయ్.

ఆయనకి ఇంకో నియమం ఉంది. దిగేవాళ్ళకి జవాబే తప్ప కొత్త ప్రశ్న ఉండదు. ఎంత బతిమాలినా అడగడు.

ఇక రోగుల సంగతి. ఏ ఆసుపత్రిలోనైనా మత్తు దిగినవాళ్ళు ముందు "నీళ్ళు" అంటారు. మా దగ్గర "ఎన్ని?" అంటారు, "ఎవరు?" అంటారు, "మరి ఎందుకు?" అంటారు. కొత్తగా చేరిన ఒక డాక్టరు ఈ గొడవ తెలియక కంగారు పడ్డాడు. రోగి కళ్ళు తెరిచి "ఏడాది కంటే రోజు పెద్దది ఎక్కడ?" అని అడిగాడు మరి. ఆ డాక్టరు ఫైల్లో "రోగికి కాలం, స్థలం తెలియడం లేదు" అని రాసిపెట్టాడు. హెడ్ నర్సు దాన్ని కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో "లిఫ్ట్‌లో వచ్చారు" అని రాసింది. ఆ ఫైలు ఇప్పటికీ నా గదిలో ఉంది. ఆ రోగి దిగేటప్పుడు తెలుసుకున్నాడు, అది శుక్ర గ్రహం మీద.

ఇంతలో నా పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి.

"చిన్న ఆపరేషనే" అన్నారు కత్తి డాక్టరు గారు.

ఆ మాట నేను పన్నెండేళ్ళుగా వింటున్నాను. చాలామంది విషయంలో నిజంగానే చిన్నది. కానీ నా గదిలో వెనక గోడకి ఒక బీరువా ఉంది. దాంట్లో ఫైళ్ళని మళ్ళీ ఎవరూ వచ్చి అడగరు. వాటిని సర్దేవాణ్ణి నేనే. కొన్నింటి మీద చిన్న ఆపరేషనే అని రాసి ఉంటుంది. నాకు భయం వేసింది, దాచుకోవడం ఎందుకు? ఆ వారమంతా మా ఆవిడ ముందు మాత్రం ధైర్యంగా తిరిగాను.

ఆపరేషన్ రోజు పొద్దున పది గంటలకి నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. పక్కన మా ఆవిడ నడుస్తోంది. నాకు అప్పుడు తట్టింది, స్ట్రెచర్ మెట్ల మీద దిగదు. పన్నెండేళ్ళ పంతం ఇక చెల్లదు. జాలీ మూసుకుంది.

"రికార్డుల బాబూ, ఒకరు ఆవులిస్తే పక్కవాడికి ఆవులింత ఎందుకొస్తుంది?"

"బాబాయ్, ఇదా సమయం?"

"ఊరికే, ఎందుకంటావు?"

"నిద్ర చాలక."

"కడుపునిండా నిద్రపోయినవాడికీ వస్తుందే?"

"గాలి చాలక అయ్యుంటుంది."

"కాదట. అది పరీక్ష పెట్టి చూశారు."

"మరి చూసినందుకే వస్తుందనుకుంటే, గుడ్డివాళ్ళకి..." అని నేను అంటుండగా లిఫ్ట్ ఆగింది. "చెప్పు బాబాయ్, నన్ను తీసుకెళ్ళిపోతున్నారు!"

"దిగేటప్పుడు చెప్తా" అని దుప్పటి మీంచి నా కాలి బొటనవేలు పట్టుకుని ఊపాడు.

థియేటర్లో మత్తు డాక్టరమ్మ మాస్కు వెనక ఆవులించింది. నాకూ వచ్చింది. చూశానా, విన్నానా, లేక తలుచుకున్నందుకే వచ్చిందా అని ఆలోచిస్తుంటే ఆవిడ అంకెలు లెక్కపెట్టమంది. మూడు దాకా లెక్కపెట్టినట్టు గుర్తు. కళ్ళు తెరిచేసరికి హెడ్ నర్సు ముఖం కనబడింది.

"ఆవులింత" అన్నాను.

ఆవిడ ఎర్ర పెన్ను తీసింది.

మూడో రోజు ఇంటికి పంపించారు. చక్రాల కుర్చీలో నేను, సంచీతో మా ఆవిడ. జాలీ ఇంకా పూర్తిగా మూసుకోకుండానే బాబాయ్‌ని పట్టుకున్నాను.

"చెప్పు బాబాయ్. ఎందుకొస్తుంది?"

"ఎవరికీ తెలీదు."

"ఏంటీ?"

"శాస్త్రవేత్తలు ఏవేవో అనుకుంటున్నారు. ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మూడు రోజులు! కుట్లు లాగుతున్నా, ఆవులిస్తే నొప్పి పుడుతున్నా అదే ఆలోచించాను. తెలీనిదాన్ని దిగేటప్పుడు చెప్తానని ఎందుకన్నావు?"

"దిగుతున్నావు కదా" అన్నాడు.

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. మా ఆవిడకి ఎక్కింది. సంచీ కింద పెట్టి, "బాబాయ్ గారూ, ఒక్క నిమిషం లిఫ్ట్ ఆపండి" అంది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆపాడు బాబాయ్. ఆవిడ మాట కాదనడం నాకే చేతకాదు, ఆయనకేం చేతనవుతుంది?

"అంటే ఆపరేషన్‌కి వెళ్ళే ప్రతి ఒక్కరికీ ఇలాగే..."

బాబాయ్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. "నేను కొత్తగా చేరినప్పుడు ఒక టీచరమ్మని పైకి తీసుకెళ్తున్నానమ్మా. నన్ను మళ్ళీ కిందికి తీసుకొస్తావా అని అడిగింది. తెస్తాననడానికి నేనెవర్ని? తేననీ అనలేను. ఆ పొద్దున్నే పేపర్లో ఆక్టోపస్ గురించి చదివాను. గుండెలెన్నో తెలుసా, దిగేటప్పుడు చెప్తా అనేశాను. ఐదో రోజు దిగింది. మూడని చెప్పాను."

"మూడా!" అని మా ఆవిడ నా భుజం మీద ఒక్కటిచ్చింది. పన్నెండేళ్ళ కోపం అది.

"ఆ టీచరమ్మే ఈ స్టూలు మీది పుస్తకం ఇచ్చింది. ముందు నువ్వు చదువుకో, తర్వాత జనాన్ని అడుగు అంది."

"బాగానే ఉంది గాని, నాకేం రోగమని పన్నెండేళ్ళు నన్ను అడిగావు?" అన్నాను.

"ఆపరేషన్ వాళ్ళనే అడిగితే వాళ్ళకి అనుమానం రాదూ? అందుకే ఎక్కినవాళ్ళందర్నీ అడుగుతా. ఈ ముసలాడికి ఇదో పిచ్చి అనుకుంటారు. మీరంతా ఉత్త తోడుకి."

పన్నెండేళ్ళు నేను తోడుకి పనికొచ్చానన్నమాట. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. నవ్వొచ్చింది, నవ్వితే కుట్లు లాగాయి.

లిఫ్ట్ కదిలింది. దారిలో నత్త సంగతి కూడా తేలింది. దానికి వేల పళ్ళట. మా ఆవిడ ముఖం విప్పారింది. కింది అంతస్తు వచ్చింది. బాబాయ్ జాలీ లాగాడు. నా కుర్చీ బయటికి తోశాక కూడా మా ఆవిడ లిఫ్ట్ గడప దగ్గరే నిలబడిపోయింది.

"బాబాయ్ గారూ, నన్ను కూడా ఒకటి అడగండి."

"ఇంటికెళ్ళేవాళ్ళని అడగనమ్మా."

"ఒక్కటే. చిన్నది."

"వద్దమ్మా" అని బాబాయ్ జాలీ మూసేశాడు. "జవాబు కోసం మళ్ళీ ఇక్కడికి రావాల్సొస్తుంది."