శుక్రవారం బోణీ

గాజుల మామ పోయారన్న సంగతి నాకు కృష్ణగిరిలో, కాలేజీ హాస్టల్ వాకిట్లో తెలిసింది. హోసూరు బస్సు దిగి నేరుగా వచ్చిన మా పక్కింటి అక్క, చేతిసంచి కింద పెట్టకుండానే చెప్పింది. అంగట్లో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారట. "మీ పెద్దమ్మ నిన్ను పిలుచుకొని రమ్మనింది. ఆమె ఏడవలేదు పాపా. నాకు అదే భయంగా ఉంది" అంది.

ఆయన మాకు చుట్టం కాదు. హోసూరు బజారు వీధిలో ఆయనది చిన్న గాజుల అంగడి. నేను చదివిన కాన్వెంటులో గాజులు వేసుకోనివ్వరు. బోసి చేతులతో బడి నుంచి వచ్చి ఆ అంగడి మూలలో కూర్చునేదాన్ని. గాజులు చుట్టి ఇవ్వడానికి ఆయన పాత వారపత్రికలు తూకానికి కొనేవారు. నేను వెళ్ళేది వాటి కోసమే. నాకు ఎవరితోనూ మాట్లాడడం చేతకాదు. ఆయన మాట్లాడమనీ అడిగేవారు కాదు. కాగితం అవసరమైనప్పుడు మాత్రం నా వైపు తిరిగి, "చదివినావా? చించేదా?" అనేవారు. లేదని తలాడిస్తే, కొనేవాళ్ళు నిలబడి ఉన్నా సరే, ఇంకో కాగితం వెతుక్కునేవారు. నేను చదివిన కథల్లో సగం ఆయన చించకుండా ఆగినవే. ఒక్కోసారి నా చేతులు చూసి, "మీ కాన్వెంటు సిస్టర్లకు గాజులు అమ్మినానంటే అప్పుడు నేను వ్యాపారస్తుణ్ణి" అని నవ్వేవారు.

అంతకు ముందు ఆయన వేషగాడు. కృష్ణగిరి చుట్టుపక్కల ఊళ్ళలో ధర్మరాజు తిరునాళ్ళకు భారతం ఆడితే అర్జునుడి వేషం ఆయనదే. ఆ ఆటలో ఒక రోజు అర్జునుడు తపస్సుకు పోతాడు. పొడుగాటి మాను నాటి దానికి మెట్లు కొడతారు. వేషగాడు ఉపవాసముండి, పద్యాలు పాడుతూ మెల్లగా పైకెక్కి, అక్కడి నుంచి నిమ్మకాయలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో, కొంగులు పట్టి కింద కూర్చుంటారు. కొంగులో నిమ్మకాయ పడితే కడుపు పండుతుందని నమ్మకం.

అలా కూర్చున్నవాళ్ళలో మా పెద్దమ్మ ఒకతె. మా అమ్మకు అక్క. ఆమె కొంగులో నిమ్మకాయ పడింది. మరుసటి ఏడూ పడింది. ఆ పై ఏడు ఆమె మాను కింద కూర్చోలేదు. వేషాలు కట్టే పందిరి దగ్గరికి వెళ్ళి, ముఖాన రంగు తుడుచుకుంటున్న ఆయనను అడిగింది: "ఏమప్పా, నేను సరిగ్గా పట్టుకోలేదా?"

ఈ మాట నాకు చెప్పింది ఆయనే, ఒక మధ్యాహ్నం గాజుల మీద దుమ్ము తుడుస్తూ. ఆమె కోపంగా అడిగి ఉంటే ఏదో ఒక బదులు చెప్పి ఉండేవాణ్ణి అన్నారు. ఆ ఏడే కిరీటం, భుజకీర్తులు ఆట మేళం వాళ్ళకు అప్పగించి, హోసూరు వచ్చి అంగడి పెట్టారు. "గాజు పగిలిందని వస్తే ఇంకొకటి ఇస్తాను. ఆ నిమ్మకాయకు నేనేమిచ్చేది, చెప్పమ్మా?"

అత్తగారింటి వాళ్ళు పంపించేశాక పెద్దమ్మ మా ఇంటికే వచ్చింది. నాకు రిబ్బన్లు కొనడానికి ఒక శుక్రవారం పొద్దున ఆ అంగడికి పోయి, ఆయనను గుర్తుపట్టి వెనక్కి తిరిగింది. ఆయనా గుర్తుపట్టారు. పీట వేసి కూర్చోబెట్టి, ఆమె చేతికి ఆకుపచ్చ గాజులు తొడిగారు. ఇదే తన బోణీ అనీ, ఇకమీద ప్రతి శుక్రవారమూ ఆమె చేత్తోనే బోణీ కావాలనీ చెప్పారు.

ఆయన వ్యాపారమంతా పెళ్ళిళ్ళు, సీమంతాలు. పిల్లలు లేని ఆమె చేత్తో బోణీ చేసే అంగట్లో సీమంతం గాజులు ఎవరు కొంటారు? అది ఆయనకు తెలియక కాదు. ఒక శుక్రవారం, కోడలి సీమంతానికని ఒక శెట్టమ్మ వచ్చింది. "పొద్దున్నే ఈమె చేతికా? ఇంక ఈడ మా కోడలికి గాజులు తీసుకున్నట్టే" అంది. పెద్దమ్మ చెయ్యి లాక్కోబోయింది. గాజు అప్పటికి మెటికల దగ్గర ఉంది. ఆయన వదల్లేదు.

"కదపొద్దమ్మా, పగిలిపోతుంది" అని, గాజును నిదానంగా మణికట్టుకు దాటించి, అప్పుడు తలెత్తారు. "ఈమెది మంచి చేయి శెట్టమ్మా. ఉంటే ఉండండి, లేదంటే పోయి రండి."

శెట్టమ్మ వెళ్ళిపోయింది. ఆమెతో పాటు ఆ వీధి సీమంతాలన్నీ వెళ్ళిపోయాయి. ఆ ఎండాకాలమంతా ఆయన గాజుల మలారం భుజాన వేసుకొని, బస్సుల్లో తళి వైపు సంతలకు తిరిగారు. శుక్రవారం మాత్రం అంగట్లోనే ఉన్నారు.

శెట్టమ్మ వచ్చిపోయిన మరుసటి శుక్రవారం పెద్దమ్మ అంగడికి వెళ్ళలేదు. ఆయన అంగడి తెరిచి, ఏమీ అమ్మకుండా కూర్చున్నారు. అడిగినవాళ్ళకు ఇంకా బోణీ కాలేదని చెప్పారు. మధ్యాహ్నం దాకా ఓపిక పట్టిన పూలమ్మే ఆమె మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. "రామ్మా తల్లీ. నువ్వొచ్చి చేయి చాపితేగాని ఆ మహారాజు మాకు గాజులు తియ్యడంట. నా బిడ్డ ఊరికి పోయే బస్సు తప్పిపోతా ఉంది" అంది. మా ఇంటికి వచ్చాక పెద్దమ్మ నవ్వడం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

తర్వాత ఊరికి ఫ్యాక్టరీలు వచ్చాయి, కొత్త మనుషులు వచ్చారు. వాళ్ళకు ఈ బోణీ సంగతి పట్టలేదు. అంగడి నిలబడింది. మేళం వాళ్ళు వచ్చి బతిమాలినా ఆయన మళ్ళీ పాడలేదు. ఎక్కడైనా మైకులో భారతం పద్యం వినిపిస్తే, గాజులు ఎంచుతూనే ఉండేవారు. పెదవులు మాత్రం కదిలేవి.

నేను హోసూరు చేరేసరికి అంతా అయిపోయింది. అంగడి తలుపులు మూసి ఉన్నాయి. పెద్దమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. పోయిన శుక్రవారం ఆయన తొడిగిన గాజులు ఆమె కుడిచేతికి ఉన్నాయి. ఆ చేతిని గిన్నెలకు తగలకుండా మోకాలి మీద ఎత్తిపెట్టుకుంది. నేను తోముతానంటే వద్దంది. ఎడమచేత్తో తోమడం ఆమెకు అలవాటు లేదు. గిన్నె మాటిమాటికీ జారిపోతోంది. ఆమె మళ్ళీ అందుకుంటోంది.