గోడకెక్కిన కాగు

మా అత్తమ్మకు దమ్ము. పొగ తగిలిందంటే ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడిపోతుంది. కట్టెల పొయ్యి జోలికే పోవద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఎంత నచ్చజెప్పినా ఆమె పెరట్లో కాగు కింద మంట పెట్టడం మానకపోతే, నల్లగొండలోని మా ఇంట్లో గీజరు పెట్టించాం. హమ్మయ్య, పీడ పోయిందనుకున్నాను.

ఎక్కడ పోయింది? చలి ముదిరాక ఒకనాడు పాఠాలు చెప్పేందుకు బడికి వెళ్లే తొందరలో ఉడుకునీళ్ల నల్లా తిప్పితే చుక్క రాలేదు. గీజరు ఎర్ర లైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. పెరట్లో అత్తమ్మ దగ్గుకుంటూ కట్టెలు ఎగదోస్తోంది.

"గీజర్ ఖరాబైందట బిడ్డా. మీ మామకు మోకాళ్ల నొప్పులాయె, ఉడుకునీళ్లు లేకుంటె ఎట్ల?"

చూస్తే, గీజరులోకి చన్నీళ్లు వెళ్లే పైపు వాల్వు బిగించి ఉంది. చేసింది మామే.

మామ పుట్టి పెరిగిన ఇంట్లో ఒక కట్టడి ఉండేదట. అందరి స్నానాలూ అయ్యేదాకా కాగులో చన్నీళ్లు పోయకూడదు. పోస్తే వెనకవాళ్లకు గోరువెచ్చనివే గతి. గీజరంటే ఆయన లెక్కలో గోడకెక్కిన కాగు. అందుకే చన్నీళ్ల దారి మూసేశాడు మహానుభావుడు!

"మామా, గిది కాగు కాదు. ఎప్పుడూ నిండుగనే ఉంటది. సన్నీళ్లు అడుగుకు వస్తయ్, ఉడుకునీళ్లు పైన నిలుస్తయ్. కిందినీళ్లు నూకుతెనే పైనియ్యి నల్లాలకు వస్తయ్. నూకేదాన్ని బంద్ జేస్తే ఎట్లొస్తయ్?"

"మరి సన్నీళ్లు కలవయా?"

"మీదియి అయిపోతె సల్లగనే వస్తయ్. జర ఆగితే లోపలి కడ్డీ మల్ల కాగవెడ్తది. సాలినంత కాగినంక దానంతటదే బంద్ అయితది."

"ఆగుడెందుకు? సన్నీళ్లు పోనియ్యకుంటె అయిపాయె గద."

నాకు తల గోడకేసి బాదుకోవాలనిపించింది. నేను వాల్వు తిప్పడం, ఆయన మళ్లీ బిగించడం. ఇదే మా ఇంటి పొద్దుటి పూజ.

ఒకనాడు నేను లేచేసరికే పెరడంతా పొగ. అత్తమ్మ గడప మీద కూలబడి ఉంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, మాట రావడం లేదు. పరుగున వెళ్లి మందు పీల్పించాను. ఊపిరి కాస్త కుదుటపడ్డాక నా నోరు ఆగలేదు.

"ఆమె పానం పోయినంక ఉడుకునీళ్లు ఎవలకు మామా?"

మామ బకెట్టెడు నీళ్లు తెచ్చి పొయ్యి మీద గుమ్మరించాడు. కాగును బోర్లించాడు. లోపలికి వెళ్లి తన చేత్తోనే వాల్వు తిప్పి వచ్చి, భార్య ముందు నిలబడ్డాడు.

"ఇయ్యాల ముందుగాల నువ్వు పోసుకో."

ఆ కట్టడి ఉన్న ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి అత్తమ్మది ఆఖరి స్నానమే. నమ్మలేనట్టు ఆయన వైపు చూసి, మెల్లగా లోపలికి వెళ్లింది. నాకు కోపమంతా దిగిపోయింది. తలుపు బయట మామా నేనూ నిలబడ్డాం. నల్లా శబ్దం అట్లా మొదలై ఇట్లా ఆగిపోయింది. కాసేపటికే ఆమె వణుకుతూ బయటికి వచ్చింది.

"గంతేనా? ఉడుకునీళ్లు రాలేదా అత్తమ్మా?"

"ఎందుకు రాలే, మంచిగొచ్చినయ్. నాకు రెండు చెంబులు సాలు బిడ్డా. మీకు సల్లారిపోతయని వాల్వు బంద్ జేసిన."