ఊఁ కొట్టే మనిషి

ఆమెకు వాగుడెక్కువ. పుట్టింట్లో ముద్దుగా వాగుడుకాయ అనేవాళ్లు. అత్తింట్లో అంత ముద్దు చేయలేదు. "దీని నోరు మూయించే మొగాడు ఇంకా పుట్టలేదమ్మా" అని అత్తగారు వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ చెప్పేది. ఆ నోరే ఒకనాడు ఇంటిల్లిపాదికీ కూడు పెడుతుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. పెట్టాక కూడా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

భర్త లారీ డ్రైవరు. లారీ ఓనరుది, నడుం నొప్పి మాత్రం సొంతం. ఒకసారి మిట్టమధ్యాహ్నం, గీత గీసినట్టున్న రోడ్డు మీద కునుకు పట్టి, బండిని పొలంలోకి దించేశాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. క్లీనరు మాత్రం ఆ పొలానికి అడ్డంపడి నడుచుకుంటూ పోయినవాడు మళ్లీ కనిపించలేదు. "ఇంకోసారి కునుకు తీశావంటే తాళాలు అక్కడ పెట్టి వెళ్లిపో" అన్నాడు ఓనరు.

డ్రైవరు ఇంటికొచ్చి పెళ్లాం వంక కొత్తగా చూశాడు.

"ఈ ఒక్క ట్రిప్పుకి నాతో రావే. పక్కన కూచుని ఏదో ఒకటి మాట్లాడుతుండు, చాలు. పిల్లని మీ అక్క చూసుకుంటుందిలే."

పిల్ల అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ ఒక్క ట్రిప్పు పదేళ్లు సాగింది.

ఆమె కాపురమంతా క్యాబిన్‌లోకి మారింది. సీటు వెనక పడుకునే బల్ల, బల్ల కింద బట్టల పెట్టె, బయట పక్క డబ్బాలో స్టవ్వూ రెండు గిన్నెలూ. ఇనుప కడ్డీతో టైరు మీద కొట్టి, మోతను బట్టి గాలి తగ్గిందో లేదో చెప్పడం నేర్చుకుంది. టార్పాలిన్ తాళ్లు బిగించడం, వెనక నిలబడి "రానీ రానీ, ఆగాగు" అని అరవడం కూడా వచ్చేసింది. తోటి డ్రైవర్లు ఆమెను లారీ వదిన అనేవాళ్లు. "వదినా, ఒక పూట మా బండెక్కి మా నిద్ర కూడా చెడగొట్టరాదూ" అని టీ కొట్టు దగ్గర వేళాకోళమాడేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

నవ్వనివి వేరే ఉన్నాయి. సరుకు దింపే చోట గేటు లోపలికి ఆడవాళ్లను రానివ్వరు. బండి లోపలికి పోతే, అది తిరిగొచ్చేదాకా ఆమె గేటు బయట బట్టల పెట్టె మీద కూచోవాలి. మరుగుదొడ్డి తాళం ఎప్పుడూ పెట్రోలు బంకు మేనేజరు జేబులోనే ఉంటుంది. ఆ మేనేజరు ఎప్పుడూ భోజనానికే వెళ్లి ఉంటాడు. అందుకని ఆమె పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేసింది. గొంతు ఎండిపోయేది, ఆ ఎండిన గొంతుతోనే మాట్లాడేది. మగవాళ్లకు రోడ్డంతా గోడే. ఆ మాట భర్తతో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

"ఊఁ" అనేవాడతను.

చిన్నపిల్లలు కథ వింటూ ఊఁ కొట్టినట్టు కొట్టేవాడు, పాపం. అడ్డు తగిలేవాడు కాదు, విసుక్కునేవాడు కాదు. తాగుడు లేదు, చెయ్యి చేసుకోవడం అసలే లేదు. "నా మొగుడు నా మాట వింటాడే" అని అక్కతో ఫోనులో గొప్పలు పోయేది. అక్క మొగుడు పేపరు అడ్డం పెట్టుకునే రకం.

ఆ ఊఁ చూసుకునే ఆమె కడుపులోదంతా కక్కేసింది. రెండోసారి నెల తప్పినప్పుడు గుంతల రోడ్డు మీద ఆ కడుపు పోయింది. తరవాత ఏడాదంతా అతని మొహం చూస్తే ఒళ్లు మండేదని, అతను నిద్రపోతుంటే పీక నొక్కాలనిపించేదని, ఎవరికీ చెప్పనిది ఒక వానలో అతనికే చెప్పేసింది. వైపర్లు కొట్టుకుంటున్నాయి. అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా మెల్లగా ఊఁ అన్నాడు. ఇంత మాట విని కూడా పల్లెత్తు మాట అనలేదే అని ఆమె మనసు కరిగిపోయింది. ఆ ఊఁ కోసమే అతన్ని క్షమించింది.

మొన్న అక్క ఫోను చేసింది. వాళ్ల పక్క వాటాలో ఒక గది ఖాళీ అవుతోందట. "ఇల్లుగలావిడకి చెప్పి ఆపి ఉంచాను. ఇకనైనా దిగవే. పిల్ల పెద్దదవుతోంది. నిన్ను చుట్టంలా చూస్తోంది, నాకే బాగాలేదు." వెనకనుంచి పిల్ల గొంతు వినిపించింది: "అమ్మా, కిటికీ పక్క గోడ నాది! బొమ్మలు అంటించుకుంటాను!"

ఆ ట్రిప్పంతా ఆమె వేరే కబురెత్తలేదు.

"వచ్చే నెల నుంచి నేను రానయ్యా."

"ఊఁ."

"క్లీనర్ని పెట్టుకో. నాకు ఇల్లు కావాలి. పిల్ల దగ్గర ఉండాలి."

"ఊఁ."

కళ్లు తుడుచుకుని కిటికీ వైపు తిరిగింది. టీ కొట్టు దగ్గర ఆగగానే అక్కకు ఫోను చేసింది. "ఒప్పుకున్నాడే!"

"ఏమన్నాడు?"

"ఊఁ అన్నాడు."

ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు బండి ఆగాక ఆమె పెట్టె దించింది, గిన్నెలు మూటగట్టింది. లోపల్నుంచి డ్రైవరు కొత్త సరుకు చీటీ ఊపుకుంటూ వచ్చాడు. ఇదివరకెన్నడూ పోనంత దూరం.

"పెట్టె దించావేంటి?"

"దిగిపోతున్నాను కదా."

"ఎక్కడికి?"

"దారంతా చెప్పాను కదయ్యా! ఊఁ ఊఁ అన్నావు!"

అతను తెల్లబోయి చూశాడు. అబద్ధమాడే మొహం కాదది, అదే ఆమెకు భయం పుట్టించింది.

"నిద్ర రాకుండా ఊఁ అంటానే. నీ గొంతు చెవిలో పడుతుంటే చాలు నాకు. నీ మాటలన్నీ వింటూ కూచుంటే రోడ్డెవడు చూస్తాడు?"

ఆఫీసు కిటికీలోంచి గుమాస్తా పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మరి ఆ వానలో చెప్పింది?"

"ఏ వానలో?" అన్నాడు, నిజంగానే గుర్తు తెచ్చుకోబోతూ.

పదేళ్ల మాటలు. గేదె ముందు గంట వాయించినా అది తలైనా తిప్పుతుంది. గుమాస్తా చూస్తున్నాడని డ్రైవరు గొంతు తగ్గించాడు. ఇప్పటికిప్పుడు క్లీనరు దొరకడు. ఓనరు సంగతి తెలిసిందే కదా. "ఈ ఒక్క ట్రిప్పుకి రావే."

తను లేకపోతే అతను నిద్రపోతాడు. అది ఆమెకు బాగా తెలుసు. తెలియకపోతే ఆ రోజే నడిచి వెళ్లిపోయేది. పెట్టె మళ్లీ ఎక్కించింది. కానీ నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుంది.

భోజనాలయ్యాక ఎండ మండుతోంది. రోడ్డు తిన్నగా పోతోంది. "ఏదో ఒకటి చెప్పవే" అన్నాడు రెండుసార్లు. ఆమె బయటికే చూసింది. కాసేపటికి అతని గడ్డం గుండెల మీదికి వాలింది. పోతే పోనీ అనుకుంది. నిజంగానే అనుకుంది. అప్పుడు ముందు ఒక ముసలాయన సైకిలు తోసుకుంటూ పోవడం కనిపించింది.

"ఏమయ్యోయ్!"

అతను ఉలిక్కిపడి స్టీరింగు తిప్పాడు. సైకిలు పక్కనుంచి వెళ్లిపోయింది.

"చూశావా, నువ్వు మాట్లాడకపోతే ఏమయ్యేదో" అన్నాడు. చివరికి తప్పు ఆమెదయింది.

ఆమె మొదలుపెట్టింది. ఏడుస్తూనే మొదలుపెట్టింది. "ఆ ముసలాయన ఎవరో పాపం."

"ఊఁ."

"సైకిలు పాడైనట్టుంది."

"ఊఁ."

"ఆయనకి రెండు తలలున్నాయి చూశావా?"

"ఊఁ" అన్నాడు, శ్రద్ధగా రోడ్డు చూస్తూ.

వారం తరవాత ఒక సాయంత్రం బండి ఆగినప్పుడు అక్కకు ఫోను చేసింది. ఆ గదిలో వేరేవాళ్లు దిగిపోయారు. ఇల్లుగలావిడ మాత్రం ఎన్నాళ్లని ఆపుతుంది? ఫోను పిల్లకు ఇవ్వమని అక్కను అడిగింది.

"ఇంకో గది చూద్దాం అమ్మా. ఇంతకంటే పెద్దది చూద్దాం."

"ఊఁ."

"దానిక్కూడా కిటికీ ఉంటుంది. పక్క గోడ నీదే. ఈ ఒక్క ట్రిప్పు అయిపోనీ, వచ్చేస్తాను."

"ఊఁ" అంది పిల్ల.

ఆ ఊఁ ఆమెకు తెలియనిది కాదు. రెండు తలల మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్కసారి అడిగితే తేలిపోతుంది. అడగలేదు.

"సరే, చదువుకో" అని ఫోను పెట్టేసింది. డ్రైవరు హారను కొట్టాడు, వెళ్లి బండెక్కింది.