సౌండు వచ్చింది, సీరియల్ పోయింది

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసులో, కామారెడ్డిలో ఒక డిష్ దుకాణంలో చేరి నాలుగు నెలలైన మనిషికి తెలియనిది ఏముంటుంది? (అదే పనిలో ఇన్నేళ్లు గడిచాక ఇప్పుడు తెలియనివి రోజురోజుకూ పెరుగుతున్నాయి.) మా దుకాణంలో ఏ సెట్‌టాప్ పెట్టెకు ఏ రోగం వచ్చినా మందు ఒకటే, రీసెట్. అది లోపల ఏం చేస్తుందో మా సేటు చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే నాకు తెలియదన్న సంగతి బయటపడుతుందని భయం.

మా మేనత్తది ఎల్లారెడ్డి. మామ పోయాక ఇంట్లో అలికిడి లేక, సీరియళ్లు పట్టి దాచిపెట్టే రికార్డింగ్ పెట్టె ఒకటి పెట్టించుకుంది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వాడకట్టు ఆడవాళ్లు ఏడెనిమిది మంది చాటలు చంకన పెట్టుకొని వచ్చి ఆమె ముందరింట్లో కూర్చునేవారు. బీడీలు చేస్తూ, ముందురోజు పట్టిన సీరియల్ పెట్టించుకునేవారు. ఆ నెలలో అందరూ నిజాంసాగర్ దగ్గర ఒక పెళ్లికి పోయి నాలుగు రోజులున్నారు. సరిగ్గా ఆ వారమే సీరియల్ అయిపోయింది. ఆ చివరి భాగాలన్నీ పెట్టెలో భద్రంగా ఉన్నాయి. ముగింపు ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోవాలని వాళ్లు ఒట్టు కూడా వేసుకున్నారు. ఫోన్లలో సీరియళ్లు చూడటం మా వైపు అప్పటికింకా రాలేదు.

అప్పుడు అత్త ఫోన్ చేసింది.

"అల్లుడా, టీవీల మాట వస్తలేదు."

"బొమ్మ మంచిగనే వస్తుందా అత్తా?"

"బొమ్మ ఎవ్వలు చూస్తరు? కండ్లు ఆకు మీదుంటయి, చెవులే ఖాళీగుంటయి. ఇయ్యాల సౌండ్ రాకుంటే అందరు ఎదురింటికి పోతరు. నేను గోడలకు చెప్పుకుంట బీడీలు చెయ్యాలె."

సేటుకు చెప్పి బస్సెక్కాను. నేను వెళ్లేసరికి ఆడవాళ్లందరూ గోడ వెంట వరసగా కూర్చుని ఉన్నారు. వైర్లు పీకి మళ్లీ పెట్టాను. కొత్త వైరు వేశాను. టీవీ సౌండును చివరిదాకా పెంచాను. పెట్టె వెనుక ఊదాను కూడా (అది దేనికో ఇప్పటికీ తెలియదు). టీవీలో ఒకామె నోరు తెరిచి ఏడుస్తోంది, చప్పుడు మాత్రం లేదు.

"సాఫ్ట్‌వేర్ ప్రాబ్లెం," అన్నాను.

"అంటే ఏంది బిడ్డా?" అని అందరిలోకి పెద్దదైన అవ్వ అడిగింది.

"మీకు చెప్పినా సమజ్ కాదవ్వా."

నాకూ సమజ్ కాలేదు. అసలు సంగతి తర్వాత చాలా ఏళ్లకు తెలిసింది. పెట్టెలోకి కొత్త సాఫ్ట్‌వేర్ తనంతట తానే దిగి, ఐదారు స్పీకర్లుండే పెద్ద సెట్టుకు పంపినట్టు శబ్దాన్ని పంపడం మొదలుపెట్టింది. అత్త చిన్న టీవీకి ఆ శబ్దం అర్థం కాలేదు. సెట్టింగుల్లోకి పోయి ఒక్క వరుస మారిస్తే సరిపోయేది. నేను రీసెట్ కొట్టాను. తెర మీద ఇంగ్లీషులో మూడు వరుసలు వచ్చాయి. మూడో వరుసలో రికార్డింగులన్నీ పోతాయని ఉంది. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు. చదవలేదు. ఓకే నొక్కాను.

సౌండు వచ్చింది. చివరిదాకా పెంచి ఉంచాను కదా, సిమెంటు ప్రకటన ఒకటి ఇల్లు కూలినట్టు అరిచింది. అవ్వ చాటలోని తంబాకు అంతా ఎగిరి నేల మీద పడింది. అయినా అందరూ నవ్వారు. "మా అల్లుడు కామారెడ్డిల పెద్ద మెకానిక్," అని అత్త ఆ వరసలోనే ఉన్న ఎదురింటి వదిన వైపు చూసి అంది. ఆ తర్వాత రికార్డింగుల పేజీ తెరవమంది.

పేజీ తెల్లగా ఉంది.

"కంపెనీవాళ్లు పైనుంచి తీసేసిండ్రు," అన్నాను. మాట తడబడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"మాది గదే కంపెనీ డబ్బా. మేం పట్టుకున్న సినిమాలు తియ్యలే గదా?" అంది ఎదురింటి వదిన.

"మా పిలగాడు అబద్ధం చెప్తడా? సదువుకున్నోడు," అంది అత్త.

ఆ నమ్మకాన్ని కాపాడటానికి ఇంకో అబద్ధం ఆడాను. చివరి భాగాలు నేను చూశానని, కథ చెబుతానని అన్నాను. నేను ఆ సీరియల్ ఒక్కరోజు కూడా చూసి ఎరగను. అయినా మొదలుపెట్టాను. సీరియల్‌లో ఎవరెవరున్నారో వాళ్ల మాటల్లోనే పట్టుకుంటూ, అత్తగారికి పక్షవాతం తెప్పించాను, కొడుకును దుబాయి పంపాను, కోడలిని పుట్టింటి బస్సెక్కించాను. వేళ్లు ఆకు మీద ఆడుతున్నాయి, చెవులు నా వైపున్నాయి. బస్సు మా పక్కనున్న పిట్లం దాటిందని చెప్పినప్పుడు ఎదురింటి వదిన కత్తెర కింద పెట్టింది.

"సీరియల్‌ల పిట్లం ఎక్కడిదే? గాళ్లు మద్రాసోళ్లు గదా!"

అందరూ నన్ను చూశారు. అత్త మాత్రం చూడలేదు, చాటలోకి తల వంచుకుంది. నా వల్ల ఆమె పదిమందిలో అలా తల వంచడం చూడలేకపోయాను.

"కంపెనీ తియ్యలే. నేనే చెరిపిన. చదవకుంట నొక్కిన. కథ గూడ నాకు తెల్వది అత్తా," అన్నాను.

అత్త తల ఎత్తి, "ఎల్లమ్మ నీ నోరు కొట్ట, గిది ముందుగాలనే చెప్పొద్దా?" అంది. ఎదురింటి వదిన చాట తీసుకొని లేవబోయింది.

అవ్వ ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టింది. "ఏడికి పోతవే? తప్పయితే అయ్యింది. బిడ్డా, గా కోడలు బస్సుల కూసున్నది గదా. మళ్ల ఇంటికి వస్తదా, రాదా? అది చెప్పి పో."

చెప్పాను. నేను కామారెడ్డి పోవాల్సిన సాయంత్రం బస్సు తప్పిపోయింది. కోడలు ఇల్లు చేరడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. మూడు రోజులూ ఎదురింటి వదినే అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. దుకాణంలో సేటు ఏమన్నాడో ఇక్కడ రాయడం బాగుండదు.

ఇప్పుడు నేను తెర మీద ప్రతి వరుసా పైకి చదివి, ఇంటివాళ్లకు అర్థం చెప్పి, ఆ తర్వాతే ఓకే నొక్కుతాను. అయినా అప్పుడప్పుడు ఏదో ఒకటి పోతుంది. పోయినప్పుడు నేనే పోగొట్టానని చెబుతాను. కొందరు తిడతారు, కొందరు ఊరుకుంటారు. మిగతా కథ చెప్పిపొమ్మని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండునని నాలోని ఆ ఇరవై రెండేళ్లవాడు ఇంకా కాసేపు గుమ్మంలో నిలబడతాడు.