మంచుకొండ కింద పులికాటు

మొన్న మనవరాలు పెళ్ళికి ముందే తీయించుకున్న ఫోటోలు ఫోనులో చూపించింది. అన్నిట్లోనూ వెనక పులికాటు సరస్సే, దూరంగా ఫ్లెమింగోల బారు. ఆ వెలుగు కోసం పొద్దు పొడవకముందే వెళ్ళారట. బాగున్నాయన్నాను గానీ, లోపల చురుక్కుమంది.

మా నాన్న ఫోటో స్టూడియోల్లో వెనక కట్టే తెరలకు బొమ్మలు వేసేవారు. దొరవారిసత్రం దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళని మనిషి, క్యాలెండరు ముందు పెట్టుకుని మంచుకొండలను ముతక గాడాగుడ్డ మీదికి దించేస్తే, ఎండకు మాడిన మా జనం వాటి ముందు బిగుసుకుని నిలబడి ఫోటో దిగేవారు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న నాకు ఇరవై రెండో ఏట, కళ్ళతో చూసిందే ఒక తెర మీద వేయాలన్న పిచ్చి పట్టింది. వారం రోజులు సైకిలు మీద పులికాటు గట్టుకు పోయి కూర్చున్నాను. అన్ని నీళ్ళు, అంత ఆకాశం, మధ్యలో మనిషన్నవాడు లేకపోవడం చూసి మొదటిరోజు భయమేసింది. ఆ భయం తెర మీదికి రావాలని నా తాపత్రయం. వచ్చిందనే ఇప్పటికీ నా నమ్మకం.

సూళ్ళూరుపేటలో ఒక స్టూడియో యజమాని, మా నాన్న మొహం చూసి, ఆ తెరను నెల రోజులు తగిలిస్తానన్నాడు. ఎవరైనా అడిగితే ఉంచుతాడు, లేకుంటే నేను మళ్ళీ కొట్ల బోర్డులకు అక్షరాలు దిద్దుకోవాల్సిందే. ఏదో పని కల్పించుకుని రోజూ వెళ్ళేవాణ్ణి. ఒక్కరూ అడగలేదు. చివరికి సరస్సు ఒడ్డు ఊరినుంచి కొత్త జంట వస్తే ఆశపడ్డాను. పెళ్ళికొడుకు తెరను తేరిపార చూసి, “ఇది మా ఇంటెనక ఉండేదే గదన్నా, ఆ మంచుకొండ తెర కట్టు” అన్నాడు.

గుడ్డ పారేయడమెందుకు, దాని మీదే మంచుకొండ వేయమన్నారు నాన్న. నా చేత్తోనే తెల్లరంగు పూశాను. ఏడుపొచ్చింది. అడుగున జానెడు మేర మాత్రం చెయ్యాడలేదు. ఆ నీళ్ళనూ, రెండు ఫ్లెమింగోలనూ అలాగే వదిలేశాను. తిడతారనుకుంటే నాన్న చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆ తెర జనానికి తెగ నచ్చింది. తర్వాత మా పెళ్ళి ఫోటో కూడా దాని ముందే దిగాం.

మొన్న ఆ ఫోటో తీసి చూపిస్తే, మంచులో ఈ పక్షులేంటి తాతయ్యా అని మనవరాలు నవ్వింది. చెప్పాను. ఇప్పుడు ఆ నీళ్ళ కోసం ఎక్కడెక్కడినుంచో వస్తున్నారు, నేను కూర్చున్న గట్టునేమో సర్కారు తుమ్మ కమ్మేసింది. పిల్ల నా పెళ్ళి ఫోటోను ఫోనులోకి ఎక్కించుకుని, కొండలన్నీ కత్తిరించేసి, ఆ జానెడు నీళ్ళు మాత్రం దాచుకుంది. ఇన్నేళ్ళకు నా తెరను కావాలనుకున్న మొదటి మనిషి అదే.