గాలి తగిలే సీటు

మా బాబుతో బస్సెక్కాలంటే ఇంటిల్లిపాదికీ హడలే. బందరు నుంచి గుడివాడలో మా పుట్టింటికి వెళ్ళేంతసేపూ కిటికీ పక్కన కూర్చోబెట్టి ముఖానికి గాలి తగలనిస్తే బుద్ధిమంతుడు. తగలకపోతే బస్సు టాపు లేచిపోయేలా ఏడుస్తాడు. అందుకే బస్సు ఆగీ ఆగకముందే నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మా అమ్మ కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపేది.

వాడు కడుపులో ఉండగానే మా ఆయన ఉద్యోగానికి మస్కట్ వెళ్ళిపోయారు. ఏడాదిన్నర వచ్చినా వాడు తండ్రి చేతుల్లోకి వెళ్ళి ఎరగడు. చివరికి మాకూ వీసాలు వచ్చాయి. ఫోన్లో ఆయనకు ఒకటే బెంగ.

"నన్ను చూసి జడుసుకుంటాడేమోనే."

"మీరూరుకోండి. ఏడవకుండా తీసుకొచ్చి మీ చేతిలో పెడతాగా!" అన్నాను.

హైదరాబాదు విమానాశ్రయంలో, కౌంటరు దగ్గరి అమ్మాయి నెమ్మదిగానే చెప్పింది.

"బాబు మీ ఒళ్ళోనే కదండీ, నడవ పక్క సీటు తీసుకోండి. లేచి తిప్పడానికి వీలుగా ఉంటుంది."

"మాకు తెలీదా అమ్మా! కిటికీ పక్కనే ఇవ్వు. వీడికి గాలి తగలాలి."

ఆ పిల్ల కిటికీ సీటే ఇచ్చింది. గెలిచాననుకుని మురిసిపోయాను.

నా తెలివి తెల్లారినట్టే ఉంది! కూర్చున్నాక చూస్తే ఆ కిటికీ తెరుచుకోదు. వాడు అద్దాన్ని రెండు చేతులా బాదాడు. విమానం లేవగానే రాగం అందుకున్నాడు. లేచి తిప్పుదామంటే నడవ పక్క సీటాయన గుర్రుపెట్టి నిద్ర.

ఆ పెద్దమనిషికీ నాకూ మధ్యలో కూర్చున్నావిడది దివిసీమ, చేపలమ్ముకునే కుటుంబం. మస్కట్‌లో ఇళ్ళల్లో పనికి మొదటిసారి వెళ్తోంది. "ఇటియ్యమ్మా" అని, బస్సులో అడిగినట్టే అడిగి వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. ముఖం మీద మెల్లగా ఊదింది. మళ్ళీ ఊదింది. వాడు కళ్ళు మూసుకుని నవ్వాడు.

"మా పిల్లోడూ ఇంతేనండీ. పడవ మీద గాలికి ఇట్టాగే కళ్ళు మూసుకుంటాడు. మా అమ్మ దగ్గర వదిలొచ్చా. రెండేళ్ళకి గానీ రానివ్వరంట. అప్పటికి నన్ను గుర్తుపడతాడో లేదో."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. దిగేదాకా వాణ్ణి ఆవిడ ఒళ్ళోనే ఉంచాను.

బయట మా ఆయన ఎదురొచ్చి చేతులు చాచారు. వాడు నా మెడ కరుచుకుని గుక్కపట్టాడు. ఆయన ముఖం చిన్నబోయింది, చేతులు వెనక్కి తీసుకున్నారు.

"ఊదండి" అన్నాను.

"ఏంటీ?"

"ముఖమ్మీద ఊదండి బాబూ, చెప్తుంటే!"

ఊదారు. ఏడుపు సగంలో ఆగింది. మళ్ళీ ఊదారు. వాడు కళ్ళు మూసుకుని, అలాగే ఆయన భుజం మీదికి వాలిపోయాడు. ఆయన కదిలితే ఒట్టు.

ఆవిడ కాస్త దూరంలో, తీసుకెళ్ళేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ మమ్మల్నే చూస్తోంది. రెండేళ్ళ తర్వాత ఆవిడ ఊదినప్పుడు ఆ పిల్లాడూ కళ్ళు మూసుకోవాలి దేవుడా అని, అక్కడే నిలబడి దండం పెట్టుకున్నాను.